కనరాని ప్రవాహమును గనుట

నేడు విద్యుత్తు లేని యిల్లు అరుదు. దీపము, పంకా, రుబ్బుడు యంత్రము, సెల్ ఫోను, అన్నియు దానివలననే నడచుచున్నవి. అయినను అది తీగలో నెట్లు పాఱుచున్నదో కన్నులార జూచినవారు మనలో లేరు. "మీట నొక్కిన దీపము వెలుగును, అంతకు మించిన విచారము ఆడువారి కేల?" యని కొందఱందురు. ఇంటిలో తీగ కమిలిన వాసన ముందుగా తెలియునది ఎవరికి? వంటయింట మెలగువారికే గదా. కావున ఈ విచారము మనకు మిక్కిలి అవసరమని మా యభిప్రాయము.

విద్యుత్ప్రవాహ మనగా ఎలక్ట్రాను లనబడు అతిసూక్ష్మ కణముల నడక. తీగలో ఒక ఆంపియరు విద్యుత్తు పాఱునప్పుడు సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రానులు ఒక చోటును దాటిపోవును. అయినను చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగలో వాని సగటు నడక సెకనుకు మిల్లీమీటరులో పదియవవంతైనను ఉండదు. మఱి దీపము వెంటనే వెలుగుట యెట్లు? నీటితో నిండిన గొట్టమునకు ఒక చివర త్రోపు దగిలినంతనే రెండవ చివర నీరు చిమ్మును గదా. తీగయు అట్లే ముందుగనే ఎలక్ట్రానులతో నిండియున్నది. ఆ కణములు దారిలో అడ్డము తగిలినకొలది వేడి పుట్టును. కీలు సడలినచోట దారి యిఱుకగును. వేడియు అచ్చటనే పెరుగును. కావున స్విచ్చు పలక వెచ్చబడినను, కమురువాసన వచ్చినను, ఉపేక్ష చేయక మెయిను మీట నార్పి, తెలిసిన పనివానిని పిలిపింపవలయును.

ఇంటి తీగలోని లోపము వేడివలననో వాసనవలననో తెలియును. సెల్ ఫోను లోపలి చిప్పుల సంగతి యట్లు కాదు. అందలి దారులు తలవెండ్రుక కంటె వేలవంతులు సన్నమైనవి. మొత్తము ప్రవాహమును కొలుచు సాధనములు కలవు గాని, అది యే మూల ఎంత పాఱుచున్నదో అవి తెలుపజాలవు. తూము కడ నీరు కొలిచినంతమాత్రమున ఏ మడికి ఎంత చేరెనో తెలియదు గదా!

ఈ చిక్కు గ్రాఫీను విషయమున మఱింత హెచ్చు. మన పిల్లల పెన్సిలులో నుండు గ్రాఫైటు, కర్బన పరమాణువుల పొరలు పేర్చినట్టి పదార్థము. అందలి ఒక్క పొరకే గ్రాఫీను అని పేరు. తేనెపట్టు గదులవలె ఆరేసి కోణములతో అల్లుకొనిన ఆ పొరలు సుమారు 30 లక్షలు పేర్చినగాని ఒక మిల్లీమీటరు మందము కాదు. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆండ్రి గైము, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవు అను శాస్త్రజ్ఞులు అంటుపట్టీతో గ్రాఫైటును మరల మరల ఒలిచి దీనిని వేఱుచేసి, దాని గుణములను వెల్లడించిరి. 2010లో వారికి నోబెలు బహుమానము లభించెను. విద్యుత్తును మోయుటలో ఇది మిక్కిలి దిట్ట. కాని ఒక్క పొరయే గనుక చిన్న చిరుగైనను ప్రవాహమునకు అడ్డమగును.

ఆ చిరుగును, దానిచుట్టు తిరుగు ప్రవాహమును చూచుట యెట్లు? విద్యుత్తు పాఱు తీగ దగ్గఱ దిక్సూచి ముల్లు కదలునని 1820లో డెన్మార్కు దేశపు ఓర్‌స్టెడ్ కనుగొనెను. ప్రవాహము కనబడకున్నను దాని అయస్కాంత ప్రభావము చుట్టును వ్యాపించి యుండునన్నమాట. ఆ ప్రభావమును పసిగట్టుటకు నేటివారు వజ్రమును వాడిరి. ఒకప్పుడు గోలకొండ పేర లోకమున వెలసిన వజ్రములకు లోపము లేకుండుటయే వన్నె. ఇచ్చట లోపమే పనికివచ్చెను! వజ్రములో ఒక కర్బన పరమాణువు స్థానమున నత్రజని చేరి, దాని ప్రక్క చోటు ఖాళీగా నున్నయెడల, ఆ తావుపై ఆకుపచ్చని వెలుగు పడగా ఎఱ్ఱని కాంతి వెలువడును. దానికి సూక్ష్మతరంగములను సోకించి, కాంతి యే తరంగము కడ తగ్గుచున్నదో చూచినచో, అచ్చటి అయస్కాంత బలము తెలియును. ఆ బలమునుండి ప్రవాహమును లెక్కకట్టి పటముగా వ్రాయవచ్చును.

2017లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను విశ్వవిద్యాలయమువారు ఈ విధముగా గ్రాఫీను పట్టీలలోని ప్రవాహమును పటము గీసి, లోపమున్నచోట అది యెట్లు మారుచున్నదో చూపిరి. 2020లో అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు ఇట్టి వజ్రపు సాధనముతోనే మఱియొక వింత గనిరి. సామాన్యలోహములో ప్రవాహము దారి వెడల్పంతట ఇంచుమించు సమముగా నుండును. శుద్ధమైన గ్రాఫీనులోనో, నడుమ హెచ్చుగను అంచుల తక్కువగను ఉండెను. మా బాల్కొండకు సమీపమున పోచంపాడు కడ, 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరము కలదు. దాని కాలువలలో ఆకు వేసి చూచిన పసుపు చేల ఆడువారికి ఇది క్రొత్త గాదు: నడుమ నీరు వడిగా పోవును, గట్టు కడ మందగించును. ఎలక్ట్రానులును ఒకదాని నొకటి త్రోసికొనుచు నీటివలె సాగునని ఆ పటము చెప్పినది.

కర్బనపు మహిమ మా సీమవారి చేతులకు పూర్వమే తెలియును. బాల్కొండకు దూరము గాని కోనసముద్రమున ఇనుమును మూసలలో కరగించి మేలైన ఉక్కు చేసెడివారు. దానికొఱకు పారశీక వర్తకు లచ్చటికి వచ్చెడివారు. వాయిజీ అను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార జూచి వ్రాసిన వ్యాసము 1832లో అచ్చయ్యెను. విద్యుచ్ఛాస్త్రమున పేరొందిన ఫారడే 1819లో మన దేశపు ఉక్కును పరీక్షించెను. అట్టి ఉక్కుతో చేసినదని యెంచబడు డమాస్కసు కత్తిలో, గ్రాఫీను పొరను చుట్టచుట్టినట్లుండు కర్బనపు గొట్టములు కలవని 2006లో జర్మనీలోని డ్రెస్డెను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఆ కమ్మరులకు నిప్పు రంగు తెలియును, పదును తెలియును. ఉక్కు లోపల నేమి జరుగుచున్నదో చూచు సాధనము లేదు, వ్రాసి యుంచు అలవాటును లేదు. కొలుములు చల్లారగనే ఆ నేర్పును చల్లారెను. చేతికి తెలిసినదానిని కంటికిని, కంటికి తెలిసినదానిని పుస్తకమునకును చేర్పనిచో ఎంతటి విద్యయైన ఒక తరముతో పోవును. మన వంటయింటి విద్యలకును ఇదియే నీతి.

కావున, అమ్మలారా, మీ కుమార్తె "తీగ లోపల నేమున్నది?" అని యడిగినప్పుడు "నీ కెందుకు?" అని నోరు మూయింపకుడు. మీకు తెలిసినంత చెప్పుడు. తెలియనిది ఆమె పంతులమ్మ నడిగి నేర్చి, మరల మీకు చెప్పుగాక!