బొమ్మ కొంటున్నారా.. ముద్ర చూడండి!

కమాన్‌పూర్: ఆదివరాహస్వామి దర్శనానికి వచ్చినా, గోదావరిఖని బజారుకు వెళ్లినా పిల్లల చూపు బొమ్మల మీదే. వారు మారాం చేస్తే పెద్దలు చేతికందిన బొమ్మ కొనిస్తుంటారు. దాని కన్నో, చక్రమో ఊడి పసివారి గొంతుకు అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఇటువంటి ప్రమాదాల నివారణకు కేంద్రం 2020లో ఉత్తర్వు జారీ చేసింది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరైంది.

కొలత ఇదీ..

మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను కింద పడవేసి, మెలితిప్పి, లాగి పరీక్షిస్తారు. ఊడిన ముక్క 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో పూర్తిగా ఇమిడితే ఆ బొమ్మను తిరస్కరిస్తారు. అంతకు పెద్ద పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలు ఉండవచ్చు. అందుకే అన్న ఆడుకునే బొమ్మ పసిబిడ్డ చేతికి చిక్కకుండా చూడాలి. భౌగోళిక గుర్తింపు పొందిన నిర్మల్ బొమ్మల వంటి వాటిని తయారుచేసి విక్రయించే నమోదిత కళాకారులకు ముద్ర నుంచి మినహాయింపు ఉంది. కనుక వాటిని కొనేవారే చిన్న భాగాలను గమనించాలి.

గొంతుకు అడ్డుపడితే..

బిడ్డ ఏడవలేక, దగ్గలేక ఉక్కిరిబిక్కిరైతే ముక్క కనిపించకుండా నోట్లో వేలు పెట్టి వెతకరాదు. ఏడాదిలోపు శిశువునైతే తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య అయిదుసార్లు గట్టిగా చరచాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి.