శోధన లేని జీవితము

మానవ జీవితమును కంప్యూటరు తెరపై అనుకరించు ఆటలు నేటి విద్యార్థులకు సుపరిచితములే. వాటిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది 'ది సిమ్స్'. దీని రూపకర్త అమెరికా దేశీయుడైన విల్ రైట్. 1991లో ఓక్లండ్ కొండలపై చెలరేగిన దావానలమున ఆయన గృహము దగ్ధమైనది. మరల సంసారమును సమకూర్చుకొనుచు, మనుష్యునకు ఏ వస్తువు ఎందులకు అవసరమని ఆయన చేసిన ఆలోచన ఈ ఆటకు ప్రేరణ అయినది. 2000లో వెలువడిన ఈ ఆట ఒక నష్టము నుండి పుట్టినదన్నమాట.

అందుచేతనే కాబోలు, తొలి ఆటలో కష్టమునకు కొదువ లేదు. ఆకలి, నిద్ర, పరిశుభ్రత, స్నేహము మొదలగు ఎనిమిది అవసరములు నిరంతరము తరుగుచుండును. వంట రానివాడు పొయ్యి వెలిగించినచో ఇల్లంటుకొనవచ్చును. రాత్రివేళ దొంగ రావచ్చును. స్వభావ నిర్ణయమునకును ఒక హద్దు కలదు. శుభ్రత, కలుపుగోలుతనము, చురుకుదనము, ఉల్లాసము, మంచితనము అను ఐదు గుణములకు 25 పాళ్ళు మాత్రమే పంచవలెను. ఒకటి పెంచిన వేరొకటి తగ్గును. 2004 నాటి రెండవ ఆటలో కోరికలు, భయములు, జ్ఞాపకములు కూడ చేరినవి.

2014లో వచ్చిన నాల్గవ ఆటలో పెద్దవారికి మూడు లక్షణములను ఎంచుకొను వీలున్నది. ఆశయమును బట్టి మరియొకటి లభించును. 2009 నాటి మూడవ ఆటలో ఇవి ఐదు. అయితే లోపము సంఖ్యలో లేదు. చక్కగా అలంకరించిన గదిలో నిలిచిన మాత్రమున పాత్రకు సంతోషము కలుగును. దిగులుగొండియు, కోపిష్ఠియు, ఉల్లాసియు ఇంచుమించు ఒకే తీరున మెలగుదురని ఆడువారి ఫిర్యాదు. ఉద్యోగము సులభము, ధనము సులభము, స్నేహము మరింత సులభము. 2022లో కోరికలను, భయములను ఈ ఆటలో మరల ప్రవేశపెట్టుట గమనింపదగినది.

ఆట విశ్రాంతి కొరకే గదా, అందులోనూ కష్టమెందుకని కొందరు అడుగవచ్చును. ఇల్లు కట్టి మురియుటయు, తోచిన కథ నల్లుకొనుటయు ఆనందములే, మేము కాదనము. కాని సవాలు లేకపోవుటయు, వ్యక్తిత్వము పలుచబడుటయు రెండు లోపములు కావు, ఒక్కటేయని మా అభిప్రాయము. ఎంత ఇచ్చినను తరుగని ధనము కలవానిని ఉదారుడనుటకు ఆధారమేమి? పరీక్షకు ముందురాత్రి, తనకున్న ఒక్క నోట్సు పుస్తకమును మిత్రుడడిగినపుడు విద్యార్థి ఏమి చేయునో, అక్కడ అతని స్వభావము బయటపడును. ఇచ్చినను నష్టమే, ఈయకున్నను నష్టమే. అట్టి సందర్భమును కల్పింపని ఆటలో 'మంచివాడు' అను మాట చొక్కాకు అంటించిన చీటీ వంటిది.

తెలుగులో 'పరీక్ష' యన్నను, ఉర్దూలో 'ఇమ్తిహాన్' అన్నను, కళాశాలలో వ్రాయునదియే గాక జీవితము పెట్టు శోధనయు స్ఫురించును. రెండు భాషలును ఈ విషయమున ఏకీభవించుట మన కళాశాల విద్యార్థులు తలపోయదగినది. తెర మీది మనుష్యులకు ఆ శోధనను తప్పింపవచ్చును. కాని దానితోపాటు వారి వ్యక్తిత్వమును కూడ తొలగించినవారమగుదుము.