జపాన్ ఉద్యోగం: జీతం లక్ష దాటినా.. చేతిలో మిగిలేది ఎంత?

సూళ్లూరుపేట, తడ చుట్టుపక్కల ఊళ్లకు జపాన్ కొత్త పేరేమీ కాదు. పక్కనే ఉన్న శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్, టోరే, యూనిచార్మ్ వంటి జపాన్ కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి. అక్కడ షిఫ్టుకు వెళ్లే ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లకు ‘ఇదే పని జపాన్‌లోనే చేస్తే?’ అనే ఆలోచన రావడం సహజం. దానికి తోడు ఫోన్ తెరిస్తే చాలు.. ‘జపాన్‌లో నెలకు రూ.1.2 లక్షలు’ అంటూ ప్రకటనలు.

అవకాశాలు నిజంగానే ఉన్నాయి. జపాన్ జనాభాలో 65 ఏళ్లు దాటినవారు 29 శాతం వరకు ఉన్నారు. పనిచేసే చేతులు చాలక ఆ దేశం తలుపులు తెరిచింది. 2024 అక్టోబరు నాటికి అక్కడ పనిచేస్తున్న విదేశీయులు 23 లక్షలకు చేరారు. ఐదేళ్లలో 50 వేల మంది నైపుణ్యం ఉన్న భారతీయులు జపాన్ వెళ్లేలా చూడాలని 2025 ఆగస్టులో రెండు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి.

ఇబ్బందల్లా ఆ ప్రకటనలో కనిపించే అంకెతోనే. అది మీ జేబులోకి వచ్చే డబ్బు కాదు. మీకు మిగిలేది ఎంతో తేల్చేవి వేరే నాలుగు విషయాలు: వీసా రకం, కోతలు, యెన్ విలువ, వెళ్లడానికి చేసిన అప్పు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వీసా ఏదో అడగండి

ఇంజినీరింగ్, ఐటీ ఉద్యోగాలకు ‘ఇంజినీర్’ తరగతి వీసా ఇస్తారు. దీనికి సాధారణంగా సంబంధిత డిగ్రీ గానీ, 10 ఏళ్ల అనుభవం గానీ కావాలి. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు.

డిగ్రీ లేకపోయినా ఫ్యాక్టరీ, వృద్ధుల సంరక్షణ, హోటల్, వ్యవసాయం, నిర్మాణం వంటి పనులకు వెళ్లే దారి ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసా. దీన్నే ఎస్‌ఎస్‌డబ్ల్యూ అంటున్నారు. దీనిపై భారత్, జపాన్‌ల మధ్య 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. మొదటి దశలో గరిష్ఠంగా ఐదేళ్లు ఉండొచ్చు, కానీ కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. కష్టమైన పరీక్ష రాసి రెండో దశకు చేరితే భార్యాపిల్లలను పిలిపించుకోవచ్చు. అదే రంగంలో కంపెనీ మారే వీలు మొదటి దశలోనూ ఉంటుంది.

మూడోది టెక్నికల్ ఇంటర్న్. 2017 నుంచి మన దేశం కూడా ఇందులో ఉంది. పేరు శిక్షణే అయినా, చేసేది పూర్తి స్థాయి పని. ఇందులో సాధారణంగా యజమానిని మార్చుకోలేరు. విమర్శలు పెరగడంతో దీన్ని ఎత్తేసి, 2027 ఏప్రిల్ నుంచి కొత్త విధానం తెచ్చేలా జపాన్ 2024లో చట్టం చేసింది. కొత్త విధానంలో ఒకటి రెండేళ్ల తర్వాత షరతులతో కంపెనీ మారొచ్చు.

‘స్టూడెంట్ వీసా మీద వెళ్లండి, చదువుకుంటూనే సంపాదించొచ్చు’ అనే మాటతో జాగ్రత్త. విద్యార్థులు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలే పనిచేయాలి. ఆ సంపాదన ఫీజుకు, తిండికి, గదికి చాలడమే కష్టం. అంతకు మించి పనిచేస్తే వీసాకే ఎసరు.

మరి జీతం ఎంత?

జపాన్ ప్రభుత్వ వేతన సర్వే ప్రకారం 2024లో ఎస్‌ఎస్‌డబ్ల్యూ కార్మికుల సగటు నెల జీతం సుమారు 2.11 లక్షల యెన్లు. టెక్నికల్ ఇంటర్న్‌లకు 1.83 లక్షలు. ఇంజినీర్లు వంటి నిపుణులకు 2.92 లక్షలు. ఓవర్‌టైమ్ కలపకుండా, పన్నులు కోయకముందు లెక్క ఇది. ఎస్‌ఎస్‌డబ్ల్యూ వారికి అదే పని చేసే జపనీయుడితో సమానంగా, లేదా అంతకంటే ఎక్కువ జీతం ఇవ్వాలన్నది నిబంధన.

మీకు వచ్చిన ఆఫర్ సరైనదో కాదో తేల్చే సులువైన పద్ధతి ఒకటుంది. నెల జీతాన్ని గంటల్లోకి మార్చండి. జపాన్‌లో కనీస వేతనం గంటల లెక్కన, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రేటుగా ఉంటుంది. 2025లో సవరించిన రేట్ల ప్రకారం దేశ సగటు గంటకు 1,121 యెన్లు. టోక్యోలో 1,226, అన్నిటికంటే తక్కువగా ఒకినావా వంటి చోట్ల 1,023. నెలకు 170 గంటల పని అనుకుంటే టోక్యోలో కనీసం 2.08 లక్షల యెన్లు, ఒకినావాలో 1.74 లక్షలు రావాలి. అదే 170 గంటలకు 1.6 లక్షల యెన్లు అని ఆఫర్ లెటర్‌లో ఉంటే గంటకు 941 యెన్లే పడుతుంది. అది జపాన్‌లో ఏ మూలకు వెళ్లినా చట్టవిరుద్ధమే.

ఓవర్‌టైమ్‌కు 25 శాతం అదనంగా ఇవ్వాలి. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు చేసే పనికి మరో 25 శాతం కలపాలి. ఏజెంటు చెప్పే ‘రూ.1.2 లక్షల’లో ఓవర్‌టైమ్ ముందే కలిపేశారేమో అడగండి. ఆర్డర్లు తగ్గిన నెలలో ఓవర్‌టైమ్ ఉండదు. అప్పు వాయిదా మాత్రం ఉంటుంది.

కోతలు పోను ఎంత?

2 లక్షల యెన్ల జీతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి ఒక యెన్ 58 పైసలు అనుకుంటే ఇది రూ.1.16 లక్షలు. ఇందులోంచి కంపెనీయే కోసి కట్టేవి ఇవి:

• పెన్షన్: జీతంలో 9.15 శాతం. అంటే 18,300 యెన్లు
• ఆరోగ్య బీమా: దాదాపు 5 శాతం. సుమారు 10,000 యెన్లు
• ఉద్యోగ బీమా: సుమారు 1,100 యెన్లు
• ఆదాయపు పన్ను: 3,000 నుంచి 4,000 యెన్ల వరకు

మొత్తం 33 వేల యెన్లు పోతే చేతికి వచ్చేది దాదాపు 1.67 లక్షలు. దీన్ని అక్కడ ‘తెదోరి’ అంటారు. ఇంటర్వ్యూలో అడగాల్సిన మాట ఇదే. గది అద్దె, కరెంటు, గ్యాస్, నీటికి 35 వేలు, తిండికి 30 వేలు, ఫోను, ప్రయాణం వగైరాలకు 7 వేలు వేసుకోండి. మిగిలేది 95 వేల యెన్లు. మన లెక్కలో రూ.55 వేలు.

ఇది పొదుపుగా ఉండే మనిషి లెక్క. పెద్ద నగరంలో అద్దె ఎక్కువైతే మిగులు తగ్గుతుంది. కంపెనీ తక్కువ అద్దెకు గది ఇస్తే పెరుగుతుంది. అందుకే టోక్యోలో 20 వేల యెన్లు ఎక్కువ జీతం కంటే, చిన్న ఊళ్లో చవక గదితో వచ్చే ఉద్యోగమే ఒక్కోసారి లాభం.

రెండో ఏడాది ఎందుకు తగ్గుతుంది?

చాలామందికి ముందుగా ఎవరూ చెప్పని కోత ఒకటుంది. అదే ‘నివాస పన్ను’. ముందు ఏడాది ఆదాయం మీద లెక్కగట్టి, జూన్ నుంచి వసూలు చేస్తారు. కొత్తగా వెళ్లినవారికి ముందు ఏడాది జపాన్ ఆదాయం ఉండదు కాబట్టి మొదట్లో ఈ కోత పడదు. తర్వాత మన ఉదాహరణలోని జీతానికి నెలకు 7 నుంచి 8 వేల యెన్లు పోతాయి. జీతం పెరగకపోతే మిగులు రూ.51 వేల దగ్గరికి దిగుతుంది.

మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులను చూపించి పన్ను తగ్గించుకునే వీలుంది. వారి వయసు 30 నుంచి 69 మధ్య ఉంటే, సాధారణంగా ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 3.8 లక్షల యెన్లు పంపినట్టు బ్యాంకు ఆధారాలు కావాలి. అమ్మకు, నాన్నకు విడివిడిగా వారి పేరు మీదే పంపండి. తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపిన డబ్బుకు లెక్క ఉండదు.

యెన్ విలువను కూడా మరవొద్దు. 2012లో యెన్‌కు 65 పైసలకు పైగా వచ్చేది. 2024 మధ్యలో 52 పైసలకు పడిపోయింది. అదే పని, అదే జీతం.. కానీ ఇంటికి చేరే రూపాయలు వేరు. అందుకే మీ లెక్క 52 పైసల దగ్గర వేసుకోండి. అప్పటికీ గిట్టుబాటు అయితేనే ముందుకెళ్లండి.

పని ఎలా ఉంటుంది?

ఎస్‌ఎస్‌డబ్ల్యూకు రెండు గండాలు దాటాలి. ఒకటి ఆ రంగంలో నైపుణ్య పరీక్ష. రెండోది జపనీస్ భాష: జేఎల్‌పీటీ ఎన్‌4 గానీ, జేఎఫ్‌టీ-బేసిక్ గానీ పాసవ్వాలి. సూళ్లూరుపేట వారికి లోకల్ రైలెక్కితే చేరే చెన్నైలోనే జేఎల్‌పీటీ రాయొచ్చు. ఎన్‌4 అంటే నెమ్మదిగా మాట్లాడితే అర్థమయ్యే స్థాయి. పనిచేసే చోట ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. భాష ఎంత వస్తే అంత మంచి పని, అంత జీతం.

నర్సింగ్ చేసినవారు ప్రత్యేకంగా గమనించాలి. మన జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌తో అక్కడ నేరుగా నర్సు కాలేరు. జపాన్ జాతీయ పరీక్ష పాసవ్వాలి. ఎస్‌ఎస్‌డబ్ల్యూ కింద దొరికేది ‘కాయిగో’, అంటే వృద్ధుల సంరక్షణ. తినిపించడం, స్నానం చేయించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, నైట్ డ్యూటీలు ఇందులో భాగం. గౌరవమైన పనే. కానీ ‘నర్సు ఉద్యోగం’ అని నమ్మి దిగితే మొదటి వారంలోనే మనసు విరుగుతుంది. దీనికి మామూలు భాషా పరీక్షతో పాటు కాయిగో జపనీస్ పరీక్ష కూడా రాయాలి.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

అసలు నష్టం జరిగేది విమానం ఎక్కకముందే. మన దేశ నిబంధనల ప్రకారం విదేశీ ఉద్యోగం చూపించే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా రూ.30 వేలు. 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.35,400. భాష కోర్సు ఫీజు వేరు, సర్వీస్ చార్జీ వేరు. ‘అన్నీ కలిపి ప్యాకేజీ’ అంటే విడివిడిగా రసీదులు అడగండి.

రూ.4 లక్షలు కట్టమన్నారని, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారని అనుకుందాం. నెలకు రూ.8 వేలు వడ్డీ. భాష నేర్చుకుని వెళ్లేసరికి ఏడాది పడితే బాకీ రూ.4.96 లక్షలు. వెళ్లాక మిగిలే రూ.50 వేలలో సగం ఇంటి ఖర్చుకు పంపి, సగం అప్పుకు కడితే అది తీరడానికి రెండేళ్లు దాటుతుంది. ఐదేళ్ల వీసాలో రెండేళ్లు వడ్డీ వ్యాపారి కోసం పనిచేసినట్టు. పైగా అప్పున్న మనిషి యజమాని ఎలా చూసినా నోరెత్తలేడు.

ఏజెంటు లైసెన్సు అసలుదో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఏపీలో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాల నియామకాలు చూస్తాయి. ముందు అక్కడ అడగండి.

సంతకానికి ముందు

• ఒప్పంద పత్రంలో మూల వేతనం, నెలకు పని గంటలు, అద్దె కోత, పని చేసే ఊరు విడివిడిగా ఉన్నాయా?
• జపాన్ ఇమిగ్రేషన్ ఇచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ’లో ఏ వీసా రాసి ఉంది? ఏజెంటు చెప్పిన వీసా అదేనా?
• ‘మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి’ అనే షరతు ఉందా? జపాన్ కార్మిక చట్టం అలాంటి జరిమానాలను ఒప్పుకోదు. ఎస్‌ఎస్‌డబ్ల్యూకు డిపాజిట్ తీసుకోవడమూ నిషేధమే.
• పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటుందా? దాన్ని కంపెనీ చేతిలో పెట్టాల్సిన పని లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కటి మరవొద్దు. నెలనెలా కట్టిన పెన్షన్‌లో కొంత భాగాన్ని ఒకేసారి వెనక్కి తీసుకునే వీలుంది. కనీసం ఆరు నెలలు కట్టి ఉండాలి, జపాన్ వదిలిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. పెన్షన్ కాగితాలు, బ్యాంకు వివరాలు భద్రంగా తెచ్చుకోండి. అయితే భారత్, జపాన్‌ల మధ్య 2016 నుంచి సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది. ఆ డబ్బు తీసేసుకుంటే ఆ సర్వీసు కాలం భవిష్యత్ పెన్షన్ అర్హతకు లెక్కలోకి రాదు. మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే తొందరపడకండి.

అప్పు లేకుండా, ఎన్‌4 దాటిన భాషతో వెళ్లేవారికి నెలకు రూ.50 వేల మిగులు మంచి అవకాశమే. ఈ ఉదాహరణలోని అంకెల స్థానంలో మీ ఆఫర్ లెటర్‌లోని అంకెలు వేసి చూడండి. శ్రీసిటీలోనో, చెన్నైలోనో ఇంట్లో ఉంటూ మీరు మిగుల్చుకోగలిగే దాని పక్కన పెట్టండి. రెండింటి మధ్య తేడా ఎంతో తెలిశాకే సంతకం పెట్టండి.