ఐదేళ్ల సుంకం ఎందుకు ముగియదు?

మా నాయనకు బళ్లారిలో చిన్న అంగడి ఉంది. టిప్పర్ లారీల తొట్టిని పైకి లేపే హైడ్రాలిక్ జాకీలు రిపేరు చేస్తాడు. సిలిండరు అరిగిపోతే కొత్తది చేయడానికి అతుకు లేని ఉక్కు పైపు కావాలి. మా మేనమామ అట్లాంటి పైపులు తయారుచేసే మిల్లులోనే పనిచేస్తాడు. పండక్కి ఇద్దరూ ఒకచోట కూర్చున్నారంటే మాట తిరిగి తిరిగి పైపు ధర దగ్గరికే వస్తుంది.

"చైనా పైపు మీద సుంకం తీసేస్తే నాకు అగ్గవకు దొరుకుతుంది గదప్పా" అంటాడు నాయన.

"తీసేస్తే మా మిల్లులో ఒక షిఫ్టు ఎత్తేస్తారు బావా" అంటాడు మామ.

"ఐదేళ్లే అన్నారు గదా! ఆ ఐదేళ్లు ఎప్పుడైపోతాయి?"

దీనికి మామ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అందుకే వెతకడం మొదలుపెట్టాను. ఇదంతా ఎకనామిక్స్ వాళ్ల పని అనుకున్నాను గానీ, తీరా చూస్తే మన తెలుగు డిపార్ట్‌మెంటుకే దగ్గరగా ఉంది. తగాదా అంతా ఒక్క మాటకు అర్థం ఏమిటన్నదాని మీదే నడుస్తోంది.

ముందు పైపు సంగతి

ఉక్కు పైపులు ముఖ్యంగా రెండు రకాలు. చాపచుట్టలాగా చుట్టిన ఉక్కు రేకును సన్నగా చీల్చి, రోలర్ల మధ్య గుండ్రంగా వంచి, అంచులు రెండూ కలిపి వెల్డింగ్ చేస్తే అది అతుకు పైపు. మన ఇళ్లలో కనిపించే జీఐ పైపు ఇదే, పైన జింకు పూత ఉంటుంది. రెండోది అతుకు లేనిది, అంగట్లో సీమ్‌లెస్ అంటారు. ఎర్రగా కాల్చిన ఉక్కు కడ్డీని నడుమ పొడిచి, బోలుగా సాగదీసి చేస్తారు. ఒత్తిడి ఎక్కువగా ఉండే బాయిలర్లకు, చమురు బావులకు, మా నాయన చేసే సిలిండర్లకు ఇది వాడతారు.

డంపింగ్ అంటే

ఒక మిల్లు తన దేశంలో టన్ను పైపు 100 రూపాయలకు అమ్ముతూ, అదే పైపును పక్క దేశానికి 80కి అమ్మిందనుకుందాం (ఈ అంకెలు లెక్క కోసమే). దీన్ని డంపింగ్ అంటారు. అగ్గవగా అమ్మడం ఒక్కటే తప్పు కాదు. ఆ అమ్మకం వల్ల కొనే దేశంలోని మిల్లులకు నష్టం జరిగిందని కూడా రుజువు కావాలి. రెండూ రుజువైతే ఆ 20 రూపాయల తేడా వరకు అదనపు సుంకం వేయొచ్చు. దీనికే యాంటీ డంపింగ్ సుంకమని పేరు. 1947 నాటి గాట్ ఒప్పందంలోనే దీనికి అనుమతి ఉంది. ఆ ఒప్పందంలో మొదటినుంచీ ఉన్న దేశాల్లో మనదీ ఒకటి.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చినప్పుడు ఈ సుంకానికి ఒక గడువు పెట్టారు. వేసిన ఐదేళ్లకు అది తీసేయాలి. అయితే దానికి ఒక మినహాయింపు ఉంది. తీసేస్తే డంపింగూ నష్టమూ కొనసాగే, లేదా మళ్లీ వచ్చే 'అవకాశం' ఉందని విచారణలో తేలితే ఇంకా ఉంచుకోవచ్చు. ఈ విచారణకు సన్‌సెట్ రివ్యూ అని పేరు. మనం సూర్యాస్తమయ సమీక్ష అనుకుందాం. పేరులో అస్తమయం ఉంది గానీ, చాలా సుంకాల విషయంలో సూర్యుడు అస్తమించడు.

1986 నుంచి అస్తమించని సుంకం

మంచి ఉదాహరణ మన పైపుదే. భారతదేశం నుంచి వచ్చే అతుకు పైపుల మీద అమెరికా 1986 మే నెలలో యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అదే ఏడాది థాయిలాండ్, తుర్కియే పైపుల మీద కూడా వేసింది. అప్పటికి మన క్లాసులో ఎవరమూ పుట్టలేదు. కొందరి అమ్మానాన్నలు అప్పుడే బడిలో చేరి ఉంటారు. 1995 నియమం వచ్చాక పాత సుంకాలను కూడా సమీక్షించాల్సి వచ్చింది. 2000లో మొదటి సమీక్ష జరిగింది, సుంకం ఉంచారు. 2006లో ఉంచారు. 2012లో మళ్లీ ఉంచారు. 2018లో ఉక్కు దిగుమతుల మీద వేసిన 25 శాతం సుంకం, 2025లో దాన్ని 50 శాతానికి పెంచడం వేరే చట్టం కింద జరిగినవి. వాటిని దీనితో కలిపి చూడకూడదు.

అమెరికాలో ఈ సమీక్ష రెండు చోట్ల జరుగుతుంది. డంపింగ్ మళ్లీ వస్తుందా అన్నది వాణిజ్య శాఖ తేలుస్తుంది. నష్టం మళ్లీ వస్తుందా అన్నది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ తేలుస్తుంది. రెండూ అవునంటేనే సుంకం ఉంటుంది. వినడానికి ఇది న్యాయంగానే ఉంది. లోపలికి పోయి చూస్తే ఎటువైపు మొగ్గు ఉందో తెలుస్తుంది.

వాణిజ్య శాఖ 1998లో ఒక పద్ధతి రాసిపెట్టుకుంది. సుంకం వేశాక కూడా డంపింగ్ సాగుతూ ఉంటే, తీసేసినా సాగుతుందని అర్థం. సుంకం వేశాక దిగుమతి పూర్తిగా ఆగిపోతే, డంపింగ్ చేయకుండా వాళ్లు అమ్మలేరని అర్థం. డంపింగ్ మానేసి దిగుమతి బాగా తగ్గినా అదే అర్థం. మామూలుగా అయితే ఇక ఒక్క దారే మిగులుతుంది. డంపింగ్ పూర్తిగా మానాలి, అమ్మకం మాత్రం తగ్గకూడదు. అంటే ధర పెంచి కూడా మునుపటంత సరుకు అమ్మి చూపించాలి. అది ఎందరికి సాధ్యం?

కమిషన్‌లో ఆరుగురు సభ్యుల స్థానాలు ఉంటాయి. ఓట్లు సరిసమానంగా చీలితే సుంకం ఉంచాలన్నట్టే లెక్క. సుంకం తేలిగ్గా పోయే సందర్భం ఒకటుంది. స్వదేశీ మిల్లుల్లో ఒక్కటి కూడా సమీక్షకు ముందుకు రాకపోతే అది దానంతట అదే రద్దవుతుంది. కానీ తమను కాపాడే గోడ ఉండాలా వద్దా అని అడిగితే మాట్లాడకుండా ఊరుకునే మిల్లు ఎక్కడుంటుంది?

పడొచ్చు, పడేట్టుంది

ఇప్పుడు ఆ ఒక్క మాట దగ్గరికి వద్దాం. నేను పైన 'అవకాశం' అని రాశాను. ఒప్పందంలో ఉన్న ఇంగ్లీషు మాట 'లైక్లీ'. మన పత్రికలు దాన్ని ఎప్పుడూ 'అవకాశం ఉంది' అనే రాస్తాయి. చిక్కంతా అక్కడే. రేపు వాన రావచ్చు, రాకపోవచ్చు అన్నా 'వాన పడే అవకాశం ఉంది' అంటాం. మబ్బు కమ్మి చల్లగాలి కొడుతున్నా అదే వాక్యం రాస్తాం.

వాడుక మాటలో అయితే ఈ గందరగోళం లేదు. 'వాన పడొచ్చు' వేరు, 'వాన పడేట్టుంది' వేరు. మిద్దె మీద వడియాలు పెట్టిన మా అమ్మను అడగండి. పడొచ్చు అంటే కదలదు. పడేట్టుంది అంటే పరుగెత్తి చాపలు చుట్టేస్తుంది.

సరిగ్గా ఈ తేడా గురించే ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదనలు జరిగాయి. జపాన్ ఉక్కు రేకుల మీద అమెరికా సుంకం కొనసాగించిన కేసులో, 2003లో అప్పీలు విన్న సభ్యులు ఆ మాటకు అర్థం చెప్పారు. మళ్లీ వచ్చే సూచనలు గట్టిగా ఉండాలి, రావడానికి వీలుంది అన్నంత మాత్రాన చాలదు అన్నారు. మన భాషలో చెప్పాలంటే 'పడేట్టుంది' అనగలిగితేనే సుంకం ఉంచాలి. అర్థం జపాన్ కోరినట్టే వచ్చింది గానీ, ఆ కేసు మాత్రం జపాన్ గెలవలేదు.

తర్వాతి ఏడాది అర్జెంటీనా పైపుల కేసు వచ్చింది. చమురు బావుల్లో దించే పైపుల మీద అమెరికా 1995లో వేసిన సుంకాన్ని మొదటి సమీక్షలోనే పొడిగించారు. ఎగుమతిదారు సమీక్షకు జవాబివ్వకపోతే, డంపింగ్ మళ్లీ చేస్తాడన్నట్టే లెక్కగట్టే నియమం ఒకటి అమెరికా చట్టంలో ఉండేది. ఆ నియమం చెల్లదని 2004లో తీర్పు వచ్చింది. మాట్లాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, ఆధారాలు చూడాల్సిందే అన్నది దాని సారం. రెండో సమీక్షలో, 2007లో, కమిషన్ ఆ సుంకాన్ని ఎత్తేసింది.

అంటే ఎప్పుడూ అస్తమించదని కాదు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2022లో అర్జెంటీనా చమురు పైపుల మీద అమెరికా కొత్త విచారణ జరిపి మళ్లీ సుంకం వేసింది. 'చూశారా, తీసేస్తే మళ్లీ వచ్చింది' అని మిల్లుల వాళ్లు అనొచ్చు. 'పదిహేనేళ్లు సుంకం లేకుండానే గడిచింది గదా' అని ఎదుటివాళ్లు అనొచ్చు. ఒకే సంగతి రెండు వాదాలకూ పనికొస్తోంది.

మనమూ అదే పని చేస్తాం

ఇంతవరకు చదివి అమెరికా మీద కోపం తెచ్చుకుంటే సగం కథే చదివినట్టు. మా నాయన కొనే సీమ్‌లెస్ పైపు సంగతి చూడండి. చైనా నుంచి వచ్చే ఈ పైపుల మీద మన దేశం 2016లో తాత్కాలికంగా, 2017లో ఖరారుగా యాంటీ డంపింగ్ సుంకం వేసింది. గడువు తీరేసరికి సమీక్ష జరిపి, 2021లో ఇంకో ఐదేళ్లు పొడిగించింది. మన దగ్గర విచారణ చేసి సిఫారసు చేసేది వాణిజ్య మంత్రిత్వ శాఖ కింది డీజీటీఆర్ అనే సంస్థ. సుంకం వేస్తూ నోటిఫికేషన్ ఇచ్చేది ఆర్థిక శాఖ. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలోనూ అదే ఐదేళ్ల గడువు ఉంది, అదే మినహాయింపూ ఉంది.

ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. డంపింగ్ తేడా 20 రూపాయలైనా, స్వదేశీ మిల్లుకు జరిగిన నష్టం 12తో పూడుతుందంటే మన దేశం 12 మాత్రమే వేస్తుంది. అమెరికా 20 మొత్తం వేస్తుంది. కాబట్టి మన సుంకం కొంచెం మెత్తనిది. అయినా ఐదేళ్లకు పోదన్న సంగతిలో రెండూ అన్నదమ్ములే.

ఎవరి మాట న్యాయం?

మామ భయం ఉత్త భయం కాదు. పైపుల మిల్లు ఒకసారి మూతపడితే కొలిమి చల్లారిపోతుంది, పని తెలిసినవాళ్లు చెదిరిపోతారు. తర్వాత ధర పెరిగినప్పుడు మళ్లీ తెరుద్దామన్నా వాళ్లంతా తిరిగి రారు. తన దేశంలో అమ్ముడుపోని సరుకును పక్క దేశం మీద కుమ్మరించేవాడితో నిజాయితీగా నడిచే మిల్లు ఎంతకాలం పోటీ పడుతుంది?

నాయన బాధా నిజమే. సుంకం వల్ల పెరిగిన ధర ఆయన కట్టాలి, లేదా లారీ యజమాని దగ్గర వసూలు చేయాలి. మిల్లు తరఫున సమీక్షలో మాట్లాడటానికి లాయర్లు ఉంటారు. పైపు వాడేవాళ్లు కూడా తమ మాట చెప్పుకోవచ్చని నియమాల్లో ఉంది. కానీ రోజుకు రెండు జాకీలు విప్పి బిగించే మనిషి అంగడి మూసి ఢిల్లీకి అర్జీ ఎట్లా రాస్తాడు? లాభం కొన్ని మిల్లుల దగ్గర కుప్పగా చేరుతుంది, ఖర్చు వేల అంగళ్ల మీద చిల్లరగా పడుతుంది. కుప్ప ఉన్నచోట గొంతు ఉంటుంది, చిల్లర పోగొట్టుకున్నవాడు గొణుక్కుని ఊరుకుంటాడు.

నాకు తోచింది ఇది. సుంకం వేయడం తప్పని నేను అనను. ఐదేళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చిన సమయం. ఆ సమయంలో మిల్లు ఏం బాగుపడిందన్నది సమీక్షలో ముఖ్యమైన ప్రశ్న కావాలి. ఇప్పుడు ముఖ్యంగా అడుగుతున్నది తీసేస్తే ఏమవుతుందని. జరగని దాని గురించి ఊహించి చెప్పాల్సిన ప్రశ్న అది. అట్లాంటి ప్రశ్నకు 'ఏమీ కాదు' అని ధైర్యంగా జవాబివ్వడం ఏ అధికారికైనా కష్టమే. అందుకే 'పడొచ్చు' అన్నది మెల్లగా 'పడేట్టుంది'గా మారిపోతుంది, సుంకం ఇంకో ఐదేళ్లు ఉంటుంది.

పోయిన పండక్కి ఇదంతా నాయనకూ మామకూ చెప్పాను. ఇద్దరూ విన్నారు. మామ కాసేపు ఆలోచించి, "అంటే మా మిల్లు సంగతి మాటల పండితుల చేతిలో ఉందంటావు" అన్నాడు. నాయన నవ్వి, "తెలుగు చదివి ఏం చేస్తావని అడిగితివి గదప్పా, ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు.

పైపు ధర మాత్రం తగ్గలేదు.