రైలు పనివారును ఊపిరితిత్తుల వ్యాధులును

రైలుబండి వేగమును జూచి మనము సంతసింతుము. దానిని నడపువారును, బాగుచేయువారును పీల్చెడు గాలి యెట్టిదో విచారించువారు కొందఱే. ఆ గాలివలని కీడు వెంటనే కానరాదు. ఇరువది, ముప్పది యేండ్లకు గాని బయల్పడదు. ఈ యాలస్యము వలననే పనివారికి మిక్కిలి నష్టము కలుగుచున్నది. ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రముల రైలు పనివారి చరిత్రమును నిదర్శనముగా గైకొనుచున్నాము.

ఆవిరియింజనుల కాలమున బాయిలరు వేడి వెలికి పోకుండ దానిచుట్టును, గొట్టములచుట్టును రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, కప్పుచుండిరి. మరమ్మతు చేయునపుడు ఆ కప్పును ఊడదీయగా, కంటికి కానరాని పోగులు గాలిలో గలిసి పనివారి ఊపిరితిత్తులను జొచ్చెను. అవి యచ్చట కరగవు. కొందఱిలో ఊపిరితిత్తులను గట్టిపఱచి ఆయాసమును, మఱికొందఱిలో రాచపుండనబడు క్యాన్సరును కలిగించును. ఊపిరితిత్తులను కప్పియుండు పలుచని పొరకు వచ్చు మీసోథీలియోమా యను క్యాన్సరునకు ముఖ్యకారణ మీ రాతినారయే. పనివాని బట్టల కంటిన ధూళివలన ఇంటివారును వ్యాధిగ్రస్తులైన దృష్టాంతములు కలవు.

1959 నాటికి ఆ దేశమున ఆవిరియింజనులు దాదాపుగా పోయి డీజిలు యింజనులు వచ్చెను. బొగ్గుపొగ తగ్గెను గాని యపాయము తొలగలేదు. డీజిలు మసి మిక్కిలి సూక్ష్మమగుటచే ఊపిరితిత్తుల లోతునకు బోవును. 1959 మొదలు 1996 వఱకు 54,973 మంది రైలు పనివారి మరణకారణములను పరిశోధకులు విచారించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. బండ్లను నడపు పనులలో నున్నవారియందు ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు, ఆ పొగ తగులని పనివారియందుకంటె నూటికి 40 వంతులు హెచ్చుగా నుండెను. 2012లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను, మనుష్యులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించువాని తరగతిలో జేర్చెను.

అచ్చట 1908లో చేయబడిన చట్టము ననుసరించి, యజమానుల యజాగ్రత్త కొంతయైనను కారణమని రుజువు చేసిన పనివాడు నష్టపరిహారము పొందవచ్చును. కాని వ్యాధికి పనియే కారణమని తెలిసిన, లేక తెలియవలసిన, దినమునుండి మూడేండ్లలోపల దావా వేయవలెను. పూర్వము చేసిన పనిని మఱచినవాడు వ్యాధికి కారణమునే గుర్తింపజాలడు.

కావున షెడ్లలో పొగ నిలువకుండ గాలి యాడవలెను. కంకరధూళిని నీటితో నణపవలెను. రాతినారను తగిన శిక్షణలేనివారు ముట్టరాదు. రాతినార తగిలినవారు పొగాకు త్రాగినచో క్యాన్సరు భయము అనేక రెట్లగును. విద్యార్థులారా, కాజీపేట, గుత్తి మొదలగు చోట్ల డీజిలు షెడ్లలో పనిచేసిన తాతగారు మీ యింట నున్నచో, ఏ పని యెన్నేండ్లు చేసిరో యడిగి వ్రాసియుంచుడు. దగ్గుతో వైద్యునియొద్దకు వెళ్లునపుడు ఆ కాగితమును వెంట నిచ్చి పంపుడు.