‘అన్నాడు’ అంటే తప్పేముంది?

కొత్తగా కథలు రాసేవాళ్ళకి ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా: ‘వాడిన మాట మళ్ళీ వాడకు.’ ఈ సలహా పుణ్యమా అని మన కథల్లో పాత్రలు మాట్లాడటం మానేసి పలుకుతున్నాయి, వచిస్తున్నాయి, ఉద్ఘాటిస్తున్నాయి.

అపోహ: ఒకే మాట పేజీలో రెండుసార్లు వస్తే పునరుక్తి దోషం.

వాస్తవం: దోషాలు లెక్కగట్టిన ఆలంకారికులే దీనికి మినహాయింపూ ఇచ్చారు. భయం, శోకం, అసూయ, సంతోషం, ఆశ్చర్యం కలిగినప్పుడు మాట తిరిగి వస్తే అది పునరుక్తి కాదన్నాడు భామహుడు. పాముని చూసినవాడు ‘పాము! పాము!’ అంటాడు గానీ ‘పాము! సర్పం!’ అనడు కదా. పర్యాయపదాల మోజు మనకి చాలావరకు పద్యం నుంచి వచ్చింది. యతి, ప్రాస, గణం కుదరాలంటే కవికి ఏనుగు ఒక్కటే చాలదు. కరి, గజం, దంతి కూడా అందుబాటులో ఉండాలి. అమరకోశం వల్లెవేసిన చదువు అక్కడ అక్కరకొచ్చింది. వచనానికి ఆ ఇబ్బంది లేదు. ఇంగ్లీషు రచయితలకీ ఈ జబ్బు ఉండేది. 1906లోనే, ఆ భాష వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు దాన్ని వెక్కిరిస్తూ ఓ పేరు పెట్టారు.

అపోహ: ‘అన్నాడు’ పదేపదే వస్తే విసుగు.

వాస్తవం: చదివేవాళ్ళ కన్ను ‘అన్నాడు’ని దాటుకుంటూ పోతుంది, ‘నుడివాడు’ దగ్గర ఆగిపోతుంది. ‘ఒరేయ్’ అన్నదెవరో, ‘అత్తయ్యా’ అన్నదెవరో పిలుపే చెప్పేస్తుంటే ‘అన్నాడు’ కూడా అక్కర్లేదు, తీసెయ్యండి.

అపోహ: పర్యాయపదాల్లో ఏది వేసినా అర్థం ఒకటే.

వాస్తవం: అసలు గొడవంతా ఇక్కడే. ‘కొంపకి పోతున్నా’ అనేవాడి చిరాకు ‘ఇంటికి వెళ్తున్నా’లో లేదు. ‘గృహానికి వెళ్తున్నా’ అనేవాడికి నాటకాల పిచ్చయినా ఉండాలి. సర్వనామాలతో మరీ ప్రమాదం. ఒకే మనిషిని మొదటి పేరాలో ‘అతను’ అని, రుచి మార్పు కోసం రెండో పేరాలో ‘ఆయన’ అంటే, మధ్యలో అతనికి వయసో హోదానో పెరిగిందనుకుంటాం. లేదా ఇంకెవరో వచ్చారనుకుంటాం. కావాలని మారిస్తే మాత్రం ఇంత పదునైన పనిముట్టు మరొకటి లేదు. కథంతా మొగుణ్ణి ‘ఆయన’ అన్న ఇల్లాలు చివర్లో ఒక్కసారి ‘వాడు’ అంటే చాలు, రచయిత వేరే వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు.

అపోహ: నాలుగు యాస మాటలు చల్లితే భాషలో వైవిధ్యం వస్తుంది.

వాస్తవం: రాదు. యాస ఉండేది క్రియల చివర్లో, వాక్యం నడకలో. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ కథల్లో చిత్తూరు పల్లె మాట సంభాషణలతో ఆగదు, కథ చెప్పే గొంతే అది.

అపోహ: అయితే ఏ మాటా మార్చక్కర్లేదు.

వాస్తవం: చూసుకోకుండా దొర్లినవి మార్చాల్సిందే. ‘ఒక’, ‘చాలా’, ‘ఇంతలో’ లాంటివి ఎన్ని పడ్డాయో రాసేటప్పుడు తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు, తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగియడం. ‘లేచాడు. నడిచాడు. చూశాడు. నిలబడ్డాడు.’ చెవికి తగిలేది వరసగా మోగే ఆ ‘డు’లే. రచయిత అది వదిలేసి నామవాచకాలు మారుస్తూ కూర్చుంటాడు! ‘లేచి నడిచాడు’ అని కలపండి. ఇంకోచోట క్రియ లేకుండానే ముగించండి: ‘గుమ్మంలో నాన్న.’ కథ పత్రికకి పంపేముందు ఒకసారి పైకి చదవండి. నాలుక తడబడినచోట ముందు వాక్యాన్ని సరిచెయ్యండి, నిఘంటువు సంగతి ఆ తర్వాత.