అవుట్‌బోర్డ్ మోటారు గేరు ఆయిల్ - వేట నిషేధం మొదట్లోనే మార్చుకోవాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ కాలంలో మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటారు, బోటుకు రంగు వేసుకుంటారు. మోటారును మాత్రం చాలామంది విప్పి ఒక మూల పెట్టి, మళ్లీ వేటకు వెళ్లే ముందు రోజు బయటకు తీస్తారు. దీనివల్ల ఎక్కువగా దెబ్బతినేది మోటారు అడుగున, ఫ్యాను దగ్గర ఉండే గేరు బాక్స్. అందులోని ఆయిల్‌లో ఉప్పునీరు చేరి ఉంటే, ఆ రెండు నెలల్లో గేర్లకు, బేరింగులకు తుప్పు పడుతుంది. గేరు బాక్స్ పాడైతే బాగుచేయడానికి వేలల్లో ఖర్చవుతుంది. అంతకన్నా ముఖ్యం, తీరానికి దూరంగా ఉన్నప్పుడు గేరు విరిగితే ఇంజను తిరుగుతున్నా బోటు కదలదు. అందుకే గేరు ఆయిల్‌ను నిషేధం చివర్లో కాకుండా మొదటి వారంలోనే మార్చుకోవాలి. ఈ పనిని ఇంటి దగ్గరే సొంతంగా చేసుకోవచ్చు. గంట సమయం చాలు.

గమనిక: ఈ వివరాలు ఫైబర్ బోట్ల వెనుక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లకు వర్తిస్తాయి. పొడవాటి షాఫ్టు ఉండే లాంగ్ టెయిల్ ఇంజన్లలో ఫ్యాను దగ్గర ఇటువంటి గేరు బాక్స్ ఉండదు.

నీరు ఎలా చేరుతుంది?

ఫ్యాను షాఫ్టు బయటకు వచ్చే చోట రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. లోపలి ఆయిల్ బయటకు, బయటి నీరు లోపలికి పోకుండా ఆపేది ఇదే. తెగిన వల ముక్కలు, నైలాన్ దారాలు ఫ్యాను వెనుక షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తాయి. దారం ఫ్యాను వెనుక దాగి ఉంటుంది కాబట్టి బయటకు కనిపించదు. మోటారు మామూలుగానే నడుస్తుంది. ఆయిల్ తీసి చూస్తే తప్ప నీరు చేరిన సంగతి తెలియదు. డ్రెయిన్ స్క్రూల కింద పాత వాషర్లనే మళ్లీ మళ్లీ వాడినా నీరు చేరుతుంది.

ఎప్పుడు మార్చాలి?

కొత్త మోటారుకు మొదటిసారి త్వరగా, సాధారణంగా 10 నుంచి 20 గంటలు నడిచాక మార్చాలి. తరువాత ప్రతి 100 గంటలకు లేదా 6 నెలలకు, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. రోజూ వేటకు వెళ్లేవారికి 100 గంటలు త్వరగానే పూర్తవుతాయి. వారు మధ్యలో కూడా మార్చుకోవాలి.

ఏ ఆయిల్ వాడాలి?

• చాలా మోటార్లకు ఎస్ఏఈ 90 హైపాయిడ్ గేరు ఆయిల్ సరిపోతుంది. జిఎల్-4 వాడాలా, జిఎల్-5 వాడాలా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. మోటారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి తీసుకోవాలి.
• పెట్రోలులో కలిపే 2టి ఆయిల్ గానీ, ఇంజన్ ఆయిల్ గానీ గేరు బాక్స్‌లో పోయరాదు.
• చిన్న మోటార్లకు అర లీటరు లోపే సరిపోతుంది. ఒక లీటరు డబ్బా తెచ్చుకుంటే మిగిలినది తరువాత పనికొస్తుంది.

కావలసిన సామగ్రి

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే పెద్ద మైనస్ స్క్రూడ్రైవర్, ఆయిల్ పట్టడానికి తొట్టి, డబ్బాకు బిగించే చేతి పంపు లేదా గొట్టం మూతి ఉన్న ఆయిల్ ట్యూబు, రెండు కొత్త వాషర్లు, పాత గుడ్డలు, ఫ్యానుకు కొత్త స్ప్లిట్ పిన్ను, నీటికి కరగని గ్రీజు.

మార్చే విధానం

1. మోటారును స్టాండుకు నిటారుగా బిగించాలి. గేరును న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గు వైర్లు తీసేయాలి. ఫ్యాను తిప్పినప్పుడు ఇంజను పొరపాటున స్టార్ట్ కాకుండా ఉండటానికి ఇది తప్పనిసరి.

2. గేరు బాక్స్‌కు రెండు స్క్రూలు ఉంటాయి. అడుగున ఉండేది డ్రెయిన్ స్క్రూ, పైన ఉండేది లెవెల్ స్క్రూ. వీటి దగ్గరలో కొన్ని మోడళ్లలో స్టార్ గాడి ఉన్న మరో చిన్న స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే కడ్డీకి సంబంధించినది. దానిని ముట్టుకోరాదు.

3. తొట్టి పెట్టి ముందు అడుగు స్క్రూ, తరువాత పై స్క్రూ తీయాలి. పై స్క్రూ తీస్తేనే గాలి లోపలికి వెళ్లి ఆయిల్ పూర్తిగా కారుతుంది. 15 నుంచి 20 నిమిషాలు వదిలేయాలి.

4. ఈలోగా ఫ్యాను విప్పి షాఫ్టుకు చుట్టుకున్న దారాలను తీసేయాలి. కత్తితో కోస్తే సీలుకు గాటు పడవచ్చు, కాబట్టి చేత్తో లేదా పట్టకారుతో లాగాలి. షాఫ్టుకు గ్రీజు రాసి, వాషర్లను తీసిన వరుసలోనే వేసి, కొత్త స్ప్లిట్ పిన్నుతో ఫ్యాను బిగించాలి.

5. పంపు గొట్టాన్ని అడుగు రంధ్రానికి బిగించి, కొత్త ఆయిల్‌ను కింది నుంచి పైకి ఎక్కించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని, నిండకుండానే నిండినట్లు కనిపిస్తుంది. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ కారే వరకు ఎక్కించాలి.

6. ముందుగా పై స్క్రూను కొత్త వాషరుతో బిగించాలి. ఆ తరువాతే గొట్టం తీసి, వెంటనే అడుగు స్క్రూ బిగించాలి. పై రంధ్రం మూసి ఉంటే ఆయిల్ ఒక్కసారిగా కారిపోదు.

7. అరగంట తరువాత పై స్క్రూ తీసి చూడాలి. ఆయిల్ రంధ్రం అంచు వరకు ఉండాలి. తగ్గితే మళ్లీ కింది నుంచే నింపాలి.

పాత ఆయిల్ ఏం చెబుతుంది?

• నల్లగా, మామూలు వాసనతో ఉంటే: వాడకం వల్ల వచ్చిన మార్పే. భయం లేదు.
• పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, ముందుగా నీటి చుక్కలు కారినా: నీరు చేరింది. సీలు మార్చాలి.
• మాడు వాసన వస్తే: ఆయిల్ తగ్గిపోయి గేర్లు వేడెక్కాయి.
• స్క్రూ చివర అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పొర ఉంటే: సాధారణమే. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు ఉంటే గేరు లేదా బేరింగు విరుగుతోందని అర్థం. మెకానిక్కుకు చూపించకుండా సముద్రంలోకి వెళ్లరాదు.

నీరు చేరినట్లు తేలితే ఆయిల్ మార్చి ఊరుకోరాదు. సీలు తెగి ఉన్నంతకాలం కొత్త ఆయిల్ కూడా మళ్లీ పాలలా మారుతుంది. సీలు మార్చేటప్పుడు గాలి ఎక్కించి లీకు పరీక్ష చేయమని మెకానిక్కును అడగాలి. నిషేధం మొదట్లోనే చూసుకుంటే విడిభాగాలు తెప్పించుకోవడానికి సమయం ఉంటుంది.

ఇతర జాగ్రత్తలు

• నిషేధ కాలమంతా మోటారును నిటారుగానే ఉంచాలి.
• వేట మొదలైన వారం తరువాత, మోటారు రాత్రంతా నిటారుగా నిలిచి ఉన్నప్పుడు, ఉదయం కదల్చకుండా అడుగు స్క్రూను కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు తీసి చూడాలి. నీరు ఉంటే అడుగుకు చేరుతుంది కాబట్టి ముందు అదే వస్తుంది. చూశాక స్క్రూ గట్టిగా బిగించాలి.
• వల ఫ్యానుకు తగులుకున్న ప్రతిసారీ, ఒడ్డుకు రాగానే ఫ్యాను విప్పి దారం తీసేయాలి.
• పాత ఆయిల్‌ను ఇసుకలో, కాలువలో, సముద్రంలో పారబోయరాదు. చేపలు పెరిగే నీరు అదే. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వాలి.
• మార్చిన తేదీని మోటారు మూత లోపలి వైపు మార్కరుతో రాసుకుంటే తదుపరి మార్పు ఎప్పుడో మరిచిపోరు.